ఈ డేటా పేదోడికి ఏం చేస్తుందండీ? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల "పేద దేశాల కష్టాలకి డేటా, కొత్త టెక్నాలజీ ఎంతవరకు పనికొస్తాయి, మీ డౌట్లు రాయండి" అని అడిగాం కదా, ఉత్తరాలు బాగానే వచ్చాయి, వాట్సాప్‌లు ఇంకా ఎక్కువ వచ్చాయి, ఒకాయనైతే పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు, అందులో సగం మా పత్రిక కాయితం క్వాలిటీ గురించే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఏడు ఏరాం. ఎవరి మాట వాళ్ళదిగానే ఉంచాం, యాసలు దిద్దలేదు.

ప్రశ్న: మేడమ్, మా కాలేజీలో నాకు "డేటా – అభివృద్ధి" అని సెమినార్ టాపిక్ ఇచ్చారు. నాకు తెలిసిన డేటా రోజుకి ఒకటిన్నర జీబీ, అది మధ్యాహ్నానికే అయిపోతుంది. దాంతో పేదరికం ఎలా పోతుందో నిజంగా అర్థం కాలేదు. వెతికితే అన్నీ పెద్ద పెద్ద మాటలే దొరుకుతున్నాయి. ఒక్క ఉదాహరణ చెప్పండి చాలు.
– డిగ్రీ సెకండియర్ అమ్మాయి, కర్నూలు

జవాబు: ఒక్కటే అన్నావు కాబట్టి టోగో గురించి చెప్తానమ్మా, ఇది సెమినార్‌లో చెప్తే ఎవరూ నిద్రపోరు. పశ్చిమ ఆఫ్రికాలో ఘనా పక్కన సన్నగా నిలువుగా ఉంటుంది టోగో, జనాభా ఎనభై లక్షల చిల్లర, రాజధాని లోమే. 2020లో కరోనా వచ్చి కర్ఫ్యూ పెట్టేసరికి రోజు కూలీలు, టైలర్లు, మోటార్ సైకిల్ టాక్సీ వాళ్ళు అందరూ ఇంట్లో కూర్చోవాల్సొచ్చింది, మన దగ్గర ఎలా అయిందో అక్కడా అంతే. వాళ్ళకి డబ్బులివ్వాలని ప్రభుత్వం అనుకుంది, కానీ ఎవరికివ్వాలి? మనకి ఎన్ని లోపాలున్నా తెల్లకార్డు అని ఒకటి ఏడ్చింది కదా, వాళ్ళకి అలాంటి లిస్టే లేదు, జనాభా లెక్కలు చూస్తే దాదాపు పదేళ్ళ పాతవి.

అయితే ఆ ఏడాది ఫిబ్రవరిలోనే వాళ్ళకి ఎన్నికలయ్యాయి, అందుకోసం కొత్తగా ఓటరు కార్డులు ఇచ్చారు, ఆ కార్డు తీసుకునేటప్పుడు ప్రతివాళ్ళూ ఏ ఊరు, ఏం పని చేస్తారు అని చెప్పి ఉన్నారు. అప్పటికి సాయం వస్తుందని ఎవరికీ తెలీదు కదా, అంచేత ఎవరూ పని విషయంలో అబద్ధం చెప్పే అవసరం రాలేదు. నాకైతే మొత్తం కథలో తెలివైన ముక్క ఇదే అనిపిస్తుంది, శాటిలైట్లూ అవీ తర్వాత సంగతి. ఏప్రిల్ 8న నోవిస్సీ అనే పథకం మొదలెట్టారు, అక్కడి ఎవే భాషలో ఆ మాటకి ఒకరికొకరు తోడుగా ఉండటం అని అర్థం. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ల ఫోన్లో స్టార్ 855 హ్యాష్ కొట్టి ఓటరు నంబరు చెప్తే అర్హత ఉందో లేదో అక్కడికక్కడే తేలుతుంది, ఉంటే డబ్బులు ఫోన్‌కే వస్తాయి. ఆడవాళ్ళకి నెలకి 12,250 సీఎఫ్ఏ ఫ్రాంకులు, మగవాళ్ళకి 10,500. మన లెక్కలో పదిహేను వందలు, పదమూడు వందలు అనుకో. ఆడవాళ్ళకెందుకు ఎక్కువ అంటే ఇల్లు నడిపేది వాళ్ళు కాబట్టి అన్నారు.

ఇది లోమే సిటీకి సరిపోయింది. పల్లెలకొచ్చేసరికి ఓటరు కార్డులో చూస్తే అందరూ రైతులే, అందులో ఎవరు లేనివాళ్ళో ఎలా తెలుస్తుంది? అప్పుడు బయటి యూనివర్సిటీల పరిశోధకులు, పేదలకి నేరుగా డబ్బిచ్చే గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ కలిసి రెండు మెట్ల పద్ధతి పెట్టారు. మొదట శాటిలైట్ ఫోటోల్లో ఇళ్ళు, రోడ్లు, చుట్టుపక్కల పరిస్థితి చూసి కంప్యూటర్ చేత పేదరికం మ్యాపు గీయించి, దేశంలో ఉన్న 397 కాంటన్‌లలో (మన మండలం లాంటివి అనుకో) అన్నిటికంటే పేదవి 100 ఎంచారు. ఆ వందలో మళ్ళీ ఎవరికి అంటే, ఫోన్ వాడే తీరు చూశారు. మాటలు వినటం కాదు, ఎన్ని కాల్స్, ఎంత రీఛార్జి, ఎప్పుడెప్పుడు అనేవి. ముందు కొన్ని వేలమందికి ఫోన్ చేసి మీ ఇంట్లో ఏం తింటున్నారు, ఎంత ఖర్చవుతోంది అని సర్వే చేసి, ఆ జవాబుల్ని వాళ్ళ ఫోన్ వాడకంతో పోల్చి కంప్యూటర్‌కి నేర్పించారు, అలా రోజుకి 1.25 డాలర్ల లోపు బతుకుతున్నారని అంచనా వచ్చినవాళ్ళకి డబ్బులేశారు.

మరి పనిచేసిందా అంటే, 2022లో నేచర్ అనే సైన్సు జర్నల్లో ఆ పరిశోధకులే లెక్క రాశారు. ఊరు పేదదా కాదా అని మాత్రమే చూసి ఇచ్చే పద్ధతులతో పోలిస్తే, అర్హులైనవాళ్ళు తప్పిపోవటం 4 నుంచి 21 శాతం దాకా తగ్గింది. బాగుంది కదా. కానీ అదే వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు, నువ్వు సెమినార్‌లో తప్పకుండా చెప్పు: ఇంటింటికీ తిరిగి రాసిన పూర్తి రిజిస్టరే గనక ఉండుంటే దానితో పోలిస్తే ఈ ఫోన్ పద్ధతిలో తప్పిపోయేవాళ్ళు 9 నుంచి 35 శాతం ఎక్కువ. ఇంకా ఫోనే లేనివాళ్ళ మాట వేరే. అంటే ఇల్లు కాలుతున్నప్పుడు చేతికందిన బిందె ఇది. అలాగని మంటలారాక కూడా బావి తవ్వుకోకుండా ఇదే బిందెతో కాలక్షేపం చేస్తామంటే కుదరదు.

ప్రశ్న: నేను ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను. జీడీపీ అంటే దేశం ఎంత సంపాదించిందో కొలిచేది అని చెప్తే ఒక పిల్లాడు లేచి "సార్ తప్పు కొలిస్తే?" అన్నాడు. ఏం చెప్పాలి?
– లెక్చరర్, ఖమ్మం

జవాబు: వాడికి నైజీరియా గురించి చెప్పండి మాష్టారూ. 2014 ఏప్రిల్లో ఒక రోజు నైజీరియా జీడీపీ 89 శాతం పెరిగిపోయింది, ఇరవై ఏడు వేల కోట్ల డాలర్లనుకున్నది యాభై ఒక్క వేల కోట్లయింది, సౌతాఫ్రికాని దాటేసి ఆఫ్రికాలోనే పెద్ద ఆర్థిక వ్యవస్థ అయి కూర్చుంది. ఆ రాత్రి ఎవరింట్లోనూ ఒక ముద్ద ఎక్కువ ఉడకలేదు. సంగతేంటంటే అప్పటిదాకా 1990 నాటి లెక్క పట్టుకుని కొలుస్తున్నారు, 1990లో అక్కడ సెల్‌ఫోన్లు లేవు, నాలీవుడ్ అని ఇప్పుడు మనం చూసే వాళ్ళ సినిమా పరిశ్రమ అప్పటికి లెక్కలోకే రాలేదు. 2010ని కొత్త ప్రాతిపదికగా తీసుకునేసరికి ఇన్నాళ్ళూ కంటిముందే ఉన్నవి కాయితం మీదకొచ్చాయి. అంతకుముందు 2010లో ఘనాలోనూ ఇలాగే అరవై శాతం పెరిగింది. ఆ పిల్లాడికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి, డబ్బులు నేను పంపిస్తా.

ప్రశ్న: నేను రెవెన్యూలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. కరువు సర్వేలు, పశువుల లెక్కలు, అన్నీ మా చేత్తోనే రాశాం. అవన్నీ బీరువాల్లో చెదలు పట్టాయి. ఇప్పుడు అదే పని ట్యాబ్‌లో చేసి ఇన్నొవేషన్ అంటున్నారు. తేడా ఏమిటో దయచేసి చెప్పగలరు.
– విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

జవాబు: సార్, మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వటం ఆపాను, ఎందుకంటే మీరన్నదాంట్లో ముప్పావు నిజం. ట్యాబ్ కూడా బీరువాయే, కాకపోతే చార్జింగ్ పెట్టాలి. మిగతా పావు గురించి చెప్తాను, అది మీ జిల్లాలో కూడా జరిగిందే.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది కదా. అప్పట్లో కూలి డబ్బులు చేతికి రావాలంటే పోస్టాఫీసుకి పోవాలి, వారాలు పట్టేది, మధ్యలో ఎవరి వాటా వాళ్ళది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేలిముద్రతో ఊళ్ళోనే డబ్బిచ్చే స్మార్ట్‌కార్డు తెచ్చింది. ఇక్కడ విశేషం కార్డు కాదండీ. కార్డు ముందు ఏ మండలాలకివ్వాలి, తర్వాత దేనికివ్వాలి అనేది 8 జిల్లాల్లో 157 మండలాల్లో లాటరీ తీసినట్టు తేల్చారు, కోటీ తొంభై లక్షల మంది ఉన్న ప్రాంతం అది, అందులో విజయనగరం కూడా ఉంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రెండేళ్ళ తర్వాత వెళ్ళి రెండు రకాల మండలాల్నీ పోల్చి చూశారు. లాటరీ వేశారు కాబట్టి మంచి అధికారి ఉన్నచోటే బాగా జరిగింది అనో, ముందే బాగున్న మండలాలకిచ్చారు అనో అనటానికి లేదు. తేలిందేంటంటే డబ్బు మధ్యలో కారిపోవటం 41 శాతం తగ్గింది, కూలి త్వరగా అందింది, డబ్బు తీసుకోవటానికి నిలబడే టైము ఇరవై నిమిషాల పైచిలుకు తగ్గింది. కూలోళ్ళకి ఆదా అయిన ఆ టైముకి విలువ కడితేనే కార్డుల ఖర్చు వచ్చేసిందట.

అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ వేలిముద్ర పెట్టినప్పుడు కూడా చూశారు. అక్కడ మొదటి దశలో దొంగతనం పెద్దగా తగ్గలేదు, కానీ ఆధార్ లింక్ కానివాళ్ళకి వచ్చే సరుకు పది శాతం పడిపోయింది. వేలిముద్ర యంత్రం రెండు చోట్లా ఉంది, మరి తేడా ఎక్కడొచ్చింది? ఆంధ్రలో కార్డు లేకపోయినా పాత పద్ధతిలో డబ్బిచ్చారు, రెండేళ్ళ తర్వాత కూడా సగం చెల్లింపులు మాత్రమే కార్డు మీద నడిచేవి, అంటే వేలు పడకపోతే ఇంటికి పో అనలేదు. జార్ఖండ్‌లో ముందు దొంగని పట్టుకోవాలన్న తొందర ఎక్కువైంది. ఎండలో పనిచేసి గీతలరిగిపోయిన వేలు గురించి మీకు నేను చెప్పాలా, ఎన్ని వేల నిశానీలు వేయించుకుని ఉంటారు మీరు.

ఇంకోటి, మీ బీరువా బాధకి సరైన మందు ట్యాబ్ కాదు, సోషల్ ఆడిట్. అదీ మన దగ్గరే 2006 నుంచి పెద్దయెత్తున జరిగింది. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఎవరి పేరుంది, ఎన్ని రోజులు పని చేసినట్టు రాశారు, ఎంతిచ్చినట్టు రాశారు అని ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చదివి, తర్వాత మండల ప్రజావేదికలో మైకులో చదివారు. చనిపోయినవాళ్ళు చెరువు పూడిక తీసినట్టు రాసుంటే వాళ్ళ కొడుకు అక్కడే లేచి నిలబడేవాడు. డబ్బులన్నీ వెనక్కి రాబట్టారా అంటే లేదు, రికవరీలు ఎప్పుడూ నత్తనడకే. కానీ చెదలు పట్టాల్సిన కాయితం మైకులోకి రావటం చిన్న విషయమేం కాదు. మీరు రాసిన పశువుల లెక్క ఒక్కసారైనా ఆ ఊళ్ళో ఎవరైనా చదివి వినిపించారా సార్? నాకు జవాబు రాయండి, వేస్తాను.

ప్రశ్న: మేం పదిమంది ఫ్రెండ్స్ కలిసి సొంతూరి స్కూలుకి ఏదైనా ఇన్నొవేటివ్‌గా చేద్దామనుకుంటున్నాం. పిల్లలకి తలా ఒక ట్యాబ్, సోలార్ చార్జింగ్, ప్రోగ్రెస్ డేటా అంతా క్లౌడ్‌లో. బడ్జెట్ ఉంది. మీ సలహా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, డాలస్

జవాబు: తమ్ముడూ, ఊరి మీద ప్రేమకి దండం. ముందు ఒక పంపు కథ వినండి. సౌతాఫ్రికాలో పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నానికి బోరు పంపు తగిలించారు, పిల్లలు ఆడుకుంటుంటే నీళ్ళు ట్యాంకులోకి ఎక్కుతాయి, పేరు ప్లేపంప్. 2000లో ప్రపంచ బ్యాంకు అవార్డిచ్చింది, 2006లో అమెరికా ప్రభుత్వం, ఫౌండేషన్లు కలిసి కోటీ అరవై నాలుగు లక్షల డాలర్లు ప్రకటించాయి, నాలుగు వేల పంపులు పెడతామన్నారు, ఫోటోల్లో పిల్లల నవ్వులు చూస్తే ఎవరికైనా చెక్కు రాయాలనిపిస్తుంది. తర్వాత గార్డియన్ పత్రిక లెక్కేసింది, ఒక్కో పంపు వాళ్ళు ఇస్తామన్నంతమందికి నీళ్ళివ్వాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలి అని. పిల్లలు బడికి పోయాక, లేదా ఆడి ఆడి విసుగొచ్చాక, ఆ చక్రాన్ని చేతుల్తో తిప్పాల్సింది ఆడవాళ్ళే, వంగి, గుండ్రంగా నడుస్తూ. పాడైతే బాగుచేయటానికి పార్టులు దొరకవు. వాళ్ళకి అంతకుముందున్న మామూలు చేతిపంపే నయం అనిపించింది. డబ్బు పెట్టిన ఫౌండేషన్లలో ఒకటి 2010లో పొరపాటైందని తనే ఒప్పుకుంది, అది మాత్రం మెచ్చుకోవాలి, అలా ఒప్పుకునేవాళ్ళు తక్కువ.

ట్యాబ్‌ల సంగతీ దాదాపు అంతే. పెరూ దేశంలో పిల్లలకి లక్షల్లో లాప్‌టాప్‌లు పంచారు, 319 పల్లెటూరి బడుల్లో పోల్చి చూస్తే పదిహేను నెలల తర్వాత లెక్కల్లో, చదవటంలో ఏ తేడా కనపడలేదు. పిల్లలకి లాప్‌టాప్ వాడటం వచ్చింది, అది నిజం. మరోపక్క మన దేశంలో ప్రథమ్ సంస్థ చేసింది చూడండి, ఒక్క కాయితం ముక్క, దాని మీద అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ. పిల్లని కూర్చోబెట్టి చదవమంటారు, ఎక్కడ ఆగితే అక్కడ. అప్పుడు ఏ తరగతి అని చూడకుండా ఎవరికి ఎంతొచ్చో అంతవాళ్ళని ఒక గుంపు చేసి రోజూ గంటో రెండు గంటలో నేర్పుతారు. ఈ పద్ధతి ఇప్పుడు జాంబియాలాంటి ఆఫ్రికా దేశాల ప్రభుత్వ బడుల్లోకి కూడా వెళ్ళింది. అదీ డేటానే తమ్ముడూ, కాకపోతే ఆ డేటా టీచర్ చేతిలో ఉంది, రేపు పొద్దున ఏం చెప్పాలో అదే చెప్తుంది, క్లౌడ్‌లో ఉంటే డాలస్‌లో మీకు కనపడుతుంది, మీ ఊరి టీచరమ్మకి సిగ్నలుండదు.

నా సలహా, టికెట్ కొనుక్కుని వచ్చి హెడ్‌మాస్టర్ దగ్గర ఒక పూట కూర్చోండి, ట్యాబ్ మాట ఎత్తకండి. ఈ బడికి ఇదివరకు దానంగా వచ్చినవన్నీ చూపించమనండి, గదిలో మూలన ఏమేం ఉన్నాయో చూస్తే మిగతా సలహా నేనివ్వక్కర్లేదు.

ప్రశ్న: మేం బస్తీల పదిమందిమి గ్రూపు కట్టుకున్నం. పదేండ్ల కింద మైక్రోఫైనాన్సోళ్ళు వచ్చి చిన్న లోనుతోని మీ జీవితాలు మారతయ్ అన్నరు. మారలే. ఇప్పుడు ఫోన్ల పైసలు అంటున్నరు. ఇదన్న నిజమేనా?
– గ్రూపు లీడర్, హైదరాబాద్

జవాబు: అక్కా, మీరు చెప్పింది కరెక్టని తేల్చింది మీ హైదరాబాదే. 2005లో ఇక్కడ 104 బస్తీలు తీసుకుని, లాటరీ వేసి సగం బస్తీల్లో మైక్రోఫైనాన్స్ బ్రాంచి తెరిచారు, మిగతా సగంలో ఆపారు, తర్వాత అన్ని బస్తీల్లో వేల ఇళ్ళని అడిగి చూశారు. ఈ పని చేసినవాళ్ళలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, వాళ్ళకే 2019లో మైకేల్ క్రెమర్‌తో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికే చిన్న దుకాణమో మిషనో ఉన్నవాళ్ళు దాన్ని కొంచెం పెంచుకున్నారు, కొందరు టీలు, చిరుతిళ్ళ ఖర్చు తగ్గించుకుని ఇంట్లోకి వస్తువులు కొన్నారు. కానీ ఇంటి తిండీ ఖర్చూ సగటున పెరగలేదు, పిల్లల చదువులో మార్పు లేదు, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటు పెరగలేదు. లోను వల్ల అందరూ నాశనమయ్యారనీ తేలలేదు, జీవితాలు మారాయనీ తేలలేదు. ప్రపంచమంతా దీన్ని మంత్రదండంలా చూస్తున్న రోజుల్లో ఈ మాట చెప్పటానికి గుండె కావాలి.

ఫోన్ పైసల సంగతి కొంచెం వేరు. కెన్యాలో ఫోన్లోనే డబ్బు పంపుకునే ఎం-పెసా అనేది 2007 మార్చిలో మొదలైంది, పెసా అంటే మన పైసానే, సముద్రం దాటి వాళ్ళ స్వాహిలీలోకి పోయింది. తమాషా ఏంటంటే దాన్ని మొదట తయారుచేసింది మీలాంటి గ్రూపుల లోను కిస్తీలు కట్టటానికి! ట్రయల్ వేసి చూస్తే జనాలు కిస్తీ కంటే ఒకళ్ళకొకళ్ళు డబ్బులు పంపుకోవటానికి వాడుతున్నారు. అసలు అంతకుముందే అక్కడ ఫోన్ బ్యాలెన్స్‌నే డబ్బులా పంపుకునేవాళ్ళట. కంపెనీ మొండికెయ్యకుండా ప్లాను మార్చి "ఇంటికి డబ్బు పంపండి" అని అమ్మింది. నైరోబీలో పనిచేసే కొడుకు పక్క సందులో కిరాణా షాపులో డబ్బిస్తే ఊళ్ళో అమ్మ అక్కడి షాపులో తీసుకుంటుంది.

దీని మీద తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అని ఇద్దరు ఏళ్ళ తరబడి లెక్కలు తీశారు. ఇంట్లో జబ్బో పంట నష్టమో వస్తే ఫోన్ డబ్బు లేని ఇళ్ళలో ఖర్చు ఏడు శాతం దాకా పడిపోయేది, అంటే తిండి తగ్గించుకున్నట్టే కదా, ఉన్న ఇళ్ళలో పడిపోలేదు, ఎందుకంటే దూరాన ఉన్న చుట్టాలు ఆ రోజే పంపగలిగారు. 2016లో వాళ్ళు రాసిన అంచనా ప్రకారం 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యా ఇళ్ళలో 2 శాతం, దీనివల్ల కటిక పేదరికంలోంచి బయటికొచ్చాయి, లక్షా ఎనభై అయిదు వేలమంది ఆడవాళ్ళు చేను పని నుంచి చిన్న వ్యాపారానికి మారారు. నూటికి రెండు ఇళ్ళు. వినటానికి తక్కువే, అక్కా, కానీ చుట్టాలు ఆదుకునే అలవాటు అక్కడ ముందునుంచీ ఉంది, దానికి బస్సు చార్జీ మిగిల్చింది అంతే, అందుకే అది కుదిరింది. తర్వాత అదే ఫోన్లో నిమిషంలో లోనిచ్చే యాప్‌లొచ్చి కెన్యాలో చాలామందిని అప్పుల్లో ముంచాయి, ఆ యాప్‌ల పోరు మన దగ్గర ఎంత ఘోరంగా నడిచిందో మీకు తెలుసు. ఫోన్ల పైసలు పంపుకోండి, తీసుకోండి, ఫోన్ల అప్పు మాత్రం గ్రూపుల మాట్లాడుకోకుండ ముట్టకండి.

ప్రశ్న: మేం శెనక్కాయ ఏస్తాం. ఫోనుకి మెసేజీ వస్తాది ఫలానా తేదీన ఇత్తండి అని. అది నమ్మి ఇత్తినాక వాన రాకపోతే ఎవరు కడతారు సామీ?
– రైతు, డోన్ దగ్గర

జవాబు: అన్నా, ఎవరూ కట్టరు. ఇది ముందే చెప్పేస్తే మంచిది.

ఇప్పుడు మెసేజీ సంగతి. 2016లో మీకు దగ్గర్లోనే, దేవనకొండ మండలంలో, పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 175 మంది శెనక్కాయ రైతులకి తెలుగులో మెసేజీలు పంపారు. జూన్ మొదటి వారంలో ఇత్తటం అలవాటు, మెసేజీ మాత్రం ఆగండి, జూన్ 25 దాకా ఆగండి అంది. మన లెక్కలో చెప్పాలంటే మృగశిరలో వద్దు ఆరుద్రలో ఇత్తమని. ఆగినవాళ్ళకి సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందన్నారు, దేశదేశాల్లో పత్రికలు రాశాయి. నాకు అందులో ఒక డౌటుంది, ఆ లెక్క చెప్పింది మెసేజీలు పంపినవాళ్ళే, పైగా ఒక్క పంటకాలం, 175 మంది. ఆ ఏడు ఆరుద్ర కలిసొచ్చింది, సరే, నాలుగేళ్ళు చూస్తే కదా.

అందుకని ఇంకోటి చెప్తా, ఇది నాకు ఎక్కువ నమ్మకంగా ఉంది. 2022 వానాకాలంలో తెలంగాణలో 250 ఊళ్ళలో పెద్ద పరీక్ష చేశారు, కొన్ని ఊళ్ళ రైతులకి రుతుపవనం ఎప్పుడొస్తుందో నెల ముందే చెప్పారు, కొన్ని ఊళ్ళకి చెప్పలేదు. రైతు ముందే "ఈసారి వాన ఫలానాప్పుడు వస్తాది" అనుకుని ఉంటాడు కదా, దానికంటే లేటని తెలిసినవాళ్ళు సాగు భూమి తగ్గించేశారు, విత్తనం ఎరువు ఖర్చు తగ్గించుకున్నారు, ఇంకో పని చూసుకున్నారు. అనుకున్నదానికంటే మంచి కబురు అందినవాళ్ళు పెట్టుబడి పెంచారు. ఇక్కడ గమనించు అన్నా, ఇత్తు అని చెప్పటమే కాదు, ఈసారి ఎక్కువ ఇత్తొద్దు అని చెప్పటం కూడా దండగ కాలేదు, పెట్టని పెట్టుబడి మిగిలింది. 2025లో కేంద్రం ఇలాంటి రుతుపవనం మెసేజీలు 13 రాష్ట్రాల్లో 3.8 కోట్లమందికి పంపింది, ఈసారి కంప్యూటర్ ఏఐ లెక్కలతో, మధ్యలో వాన ఆగిపోతుందన్నది కూడా ముందే పట్టుకుంది.

నమ్మాలా వద్దా అంటే, మెసేజీ పంపినోళ్ళని ఒక్క మాట అడగండి, గడిచిన పదేళ్ళలో ఇదే పద్ధతి మా మండలంలో ఎన్ని సార్లు తప్పుండేది అని. ఆ లెక్క వాళ్ళ దగ్గర ఉండాలి. చెప్తే విని, పదిటికి ఏడు నిజమయ్యాయా ఎనిమిదా చూసుకుని, ఉన్న నేలంతా ఒకేసారి వెయ్యకుండా నీ ధైర్యం కొద్దీ వెయ్యి. చెప్పకపోతే మీ నాయన చెప్పిన కార్తె ఉండనే ఉంది. బీమా మాత్రం కట్టు, తేదీ దాటనీయకు.

ప్రశ్న: బీటెక్ థర్డ్ ఇయర్. డబ్బులు లేవు, ఖాళీ టైము ఉంది, లాప్‌టాప్ ఉంది. నేను ఏదైనా చేయగలనా, ఊరికే సర్టిఫికెట్ కోసం కాకుండా?
– విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మ్యాపులు గీయి. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ ఒ ప్రిన్స్‌కి పనికొచ్చే వీధి మ్యాపే లేదు, ఆరొందలమందికి పైగా మామూలు జనం, వేరే వేరే దేశాల్లో ఇళ్ళలో కూర్చుని, కొత్త శాటిలైట్ ఫోటోల మీద రోడ్లు, కూలిన ఇళ్ళు, టెంట్లు గీసి, ఎవరైనా గీయగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టారు, రోజుల్లో అది కాపాడే టీముల జీపీఎస్‌లలోకి ఎక్కింది. 2015లో నేపాల్ భూకంపానికి ఈ పని ఇంకా బాగా జరిగింది, ఎందుకంటే కాఠ్‌మాండూ కుర్రాళ్ళు రెండేళ్ళ ముందునుంచే తమ ఊరి బడులు, ఆసుపత్రులు తిరిగి తిరిగి మ్యాపులో పెట్టుకుని ఉన్నారు. విపత్తు వచ్చాక కాకుండా ముందే గీయాలని 2014లో రెడ్‌క్రాస్, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ళు కలిసి మిస్సింగ్ మ్యాప్స్ మొదలెట్టారు, అందులో ఎవరైనా చేరొచ్చు, నేర్చుకోటానికి ఒక సాయంత్రం చాలు. ఒక గడి ఇస్తారు, అందులో కనపడే ఇళ్ళూ దార్లూ గీసి ఇచ్చెయ్యటమే, వీధుల పేర్లు మాత్రం అక్కడి ఊరివాళ్ళే తర్వాత నడిచి రాస్తారు, నువ్వు ఊహించి రాయకు. మొదటి రోజు నీకు గుడిసేదో గడ్డివామేదో తెలీదు, కంగారుపడకు, వెనకాల సీనియర్లు చూసి సరిచేస్తారు, మూడో రోజుకి నీడని బట్టి నువ్వే చెప్పేస్తావు.